పొరుగువాడు గుర్తుపట్టే విశ్వాసం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఇవాళ దాదాపు ఎవరూ ప్రశ్నించని అభిప్రాయం ఒకటి ఉంది. విశ్వాసం అనేది హృదయానికీ దేవునికీ మధ్య సంగతి. అది లోకానికి తెలియాలంటే నోటితో ప్రకటించాలి, సభలు పెట్టాలి, పాటలు వినిపించాలి, బండి మీద వాక్యం రాయించాలి, గుమ్మానికి సిలువ తగిలించాలి. ఆజ్ఞలు పాటించే సంగతి ఎత్తితే మాత్రం, ఇది కృపాకాలం కదా, క్రియలతో రక్షణ లేదు కదా అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అంటే లోపల ఉండేది నమ్మకం, బయటికి కనబడేది ప్రకటన. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన బతుకు గురించి అడిగేవాడు ధర్మశాస్త్రవాది అయిపోతాడు. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. ఒక మనిషి క్రీస్తువాడని పొరుగువాడికి తెలిసేది అతని విధేయత వల్ల, ముఖ్యంగా ఆ విధేయత కోసం అతను ఏదైనా పోగొట్టుకోవలసి వచ్చిన చోట. దీనికి రుజువు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. తెలుగు నేల మీద సువార్త వేళ్ళూనిన తీరే చాలు.

ఒంగోలు చరిత్ర చెప్పేవాళ్ళందరూ ఒక అంకె చెబుతారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె నిజమే, గొప్పదే. కాని నాకు అంతకన్నా విలువైనదిగా కనబడేది దానికి ముందు పన్నెండేళ్ళలో పల్లెల్లో జరిగింది. 1866లో తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక ఆయన జనం కదిలారు. అప్పటి ఊరి కట్టుబాటు ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. కపిలకు తోలు బాన కుట్టడం, చెప్పులు కుట్టడం, చచ్చిన గొడ్డును లాగెయ్యడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల వంతు. అందుకు బదులుగా పంట కాలంలో కళ్ళంలో కొలిచే మేర గింజలే వాళ్ళ జీవనం. ఈ మనుషులు విశ్వాసులైనప్పుడు వాళ్ళ ముందుకొచ్చిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడూ ఊరి కళ్ళెదుట పాటించాల్సినవే. రైతు బాన చిరిగి ఆదివారం పొద్దున మనిషిని పంపితే, ఇవాళ కుట్టను, రేపు కుడతాను అని చెప్పాలి. జాతరనాడు డప్పు పట్టుకోమంటే పట్టుకోనని చెప్పాలి. ఆ మాట చెప్పినందుకు బావి దగ్గరికి రానివ్వలేదు, బజారులో సరుకు అమ్మలేదు, పని ఆపేశారు. ఫలానా ఇంట్లో యేసును నమ్ముకున్నారన్న సంగతి ఊరికి ప్రసంగం విన్నాక తెలియలేదు. డప్పు మోగని జాతరలో తెలిసింది.

చచ్చిన గొడ్డు మాంసం మానడం పై కులాల శుచి భావాన్ని అరువు తెచ్చుకోవడమే కదా అని ఇవాళ కొందరు అడుగుతారు. ఆ చర్చ జరగాల్సిందే. అయితే ఆ మాంసం ఊరి కట్టుబాటులో వెట్టికి ముడిపడిన హక్కు. దాన్ని వదులుకోవడమంటే వెట్టి ముడి ఒకటి విప్పుకోవడం కూడా. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పేదలు చూపిన విధేయత ఊరి పెత్తందార్లకు అవిధేయతగా కనబడింది. తరతరాలుగా ఎవరేం చెప్పినా చేసిన మనుషులు మొదటిసారి కాదన్నారు, ఎందుకంటే వాళ్ళు అంతకన్నా పెద్ద ఆజ్ఞ ఒకటి విన్నారు.

గింజల కోసం మతం మారారన్న పాత నిందకు కూడా ఇక్కడే జవాబుంది. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. సాయంత్రాలు బోధకులు ఆ కూలీల మధ్య కూర్చుని మాట్లాడారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా, కరువు సాయం చేతిలో ఉన్నంత కాలం ఆయన ఇవ్వలేదు. సాయం ఆగిపోయిందని, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా వచ్చినవాళ్ళే ఆ 2,222 మంది. ఇక ఉద్దేశాల సంగతి. భారతదేశంలో సామూహిక మతాంతరీకరణల మీద వాస్కం పికెట్ చేసిన అధ్యయనం 1933లో పుస్తకంగా వచ్చింది. జనం మొదట ఏ కారణంతో వచ్చారన్నదాని కన్నా, వచ్చాక వాళ్ళకు అందిన బోధ, ఆరాధన, శిక్షణ వాళ్ళ బతుకుల్ని ఎక్కువగా నిర్ణయించాయని ఆయన తేల్చాడు. మనిషి ఏ ద్వారం గుండా లోపలికి వచ్చాడన్నది ఒక్కటే ప్రశ్న కాదన్నమాట.

దీనికి కొనసాగింపు దోర్నకల్లులో కనబడుతుంది, నా వాదనకు అన్నిటికన్నా బలమైన ఆధారం అదే. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్లో దోర్నకల్లు బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తిరునల్వేలి ప్రాంతపు మనిషి, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో కలిసిపోయాడు. ఆయన అధ్యక్ష మండలంలో మొదట చేరినవాళ్ళు ఎక్కువగా మాలలు, మాదిగలు. 1920ల చివరి నుంచి శూద్ర కులాల కుటుంబాలు కూడా రావడం మొదలైంది. ఎందుకు వస్తున్నారని అడిగితే వాళ్ళు చెప్పిన కారణాల్లో ముందున్నది తమ ఊరి మాల మాదిగ క్రైస్తవుల బతుకుల్లో చూసిన మార్పు. తాగుడు తగ్గింది, తగాదాలు తగ్గాయి, ఇల్లు వాకిలి మారింది, పిల్లలు బడికి వెళ్తున్నారు. ఆలోచించి చూడండి. భూమి ఉన్న రైతుకు మిషను దగ్గర దొరికేదేముంది? చేరితే బంధువుల మధ్య పరువు పోతుంది. పైగా అతనికి ఎదురుగా కనబడింది దొరల జీవితం కాదు, బోధకుడి వాక్చాతుర్యం కాదు, తన పొలంలో నాట్లు వేసే కూలీ జీవితం. ఎవరి నీడ సోకితే మైల అనుకున్నాడో ఆ మనిషి దగ్గర నేర్చుకోవడానికి ఒక ఊరి రైతు సిద్ధపడ్డాడంటే, ఏ కన్వెన్షనూ చెయ్యలేని పని అక్కడ జరిగినట్టే. వచ్చినవాళ్ళందరూ కులాన్ని గడప బయట వదిలి రాలేదన్నదీ నిజమే. ఆ లోటు ఇంకా మనల్ని వదల్లేదు.

ఇక వేదాంత పక్షం నుంచి వచ్చే అభ్యంతరం. విశ్వాసం ద్వారానే రక్షణ అన్నది సంస్కరణోద్యమపు గుండెకాయ; విధేయతను ముందుకు తెస్తే దాన్ని దెబ్బతీసినట్టు కాదా? ఈ భయానికి కారణం ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసెయ్యను. కాని ఆ సిద్ధాంతం చెప్పినవాళ్ళే ఈ అర్థం చెప్పలేదు. యాకోబు పత్రికను తక్కువ చేసి మాట్లాడిన లూథరు, 1522లో రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, నిజమైన విశ్వాసం ఊరికే కూర్చోలేదని, మంచి చెయ్యకుండా ఉండటం దానికి సాధ్యం కాదని వాదించాడు. రక్షించేది విశ్వాసమే అయినా ఆ విశ్వాసం ఎన్నడూ ఒంటరిగా ఉండదని కాల్విన్ బోధ. పౌలు రోమా పత్రికను మొదలుపెట్టినప్పుడూ (1:5) ముగించినప్పుడూ (16:26) తన అపొస్తలత్వపు గురి విశ్వాసంతో కూడిన విధేయతే అన్నాడు. ఎఫెసీ రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు మన పిల్లలకు కంఠతా వచ్చు. మంచి పనుల కోసమే మనం సృష్టించబడ్డామనే పదో వచనం అదే ఊపులో చదివించేవాళ్ళు ఎందరు? విధేయత రక్షణకు చెల్లించే వెల కాదు. రక్షణ వచ్చిందని పొరుగువాడికి తెలిసే దారి అది. ఈ రెంటినీ కలిపేస్తే వచ్చే ప్రమాదం ఎంతో, వేరు చేసి రెండోదాన్ని పారేస్తే వచ్చే ప్రమాదం అంతకు తక్కువ కాదు.

కనబడాలని బతకడం పరిసయ్యుల పని కాదా అని మరొకరు అడుగుతారు. దానికి కొండమీది ప్రసంగంలోనే జవాబుంది, కాస్త నిదానంగా చదవాలి. మత్తయి ఐదో అధ్యాయంలో మన మంచి పనులు మనుషులు చూసేలా బతకమన్నాడు ప్రభువు. ఆరో అధ్యాయంలో మనుషులకు కనబడాలని నీతి పనులు చెయ్యొద్దన్నాడు. ఇందులో వైరుధ్యం లేదు. ఆరో అధ్యాయంలో దాచమన్నవి మూడు: దానం, ప్రార్థన, ఉపవాసం. ఐదో అధ్యాయంలో విస్తరంగా చెప్పినవి వేరు: సహోదరుడితో సమాధానపడటం, పరస్త్రీని మోహపు చూపు చూడకపోవడం, ఒట్టు అక్కర్లేని మాట, దెబ్బకు దెబ్బ తియ్యకపోవడం, అడిగినవాడికి ఇవ్వడం, శత్రువును ప్రేమించడం. దాచమన్న మూడూ మనిషికీ దేవునికీ మధ్య తేలిపోగలవు. ఈ రెండో జాబితాలో ప్రతిచోటా ఇంకో మనిషి ఉన్నాడు. అప్పు తీర్చితే ఇచ్చినవాడికి తెలుస్తుంది, గట్టు తగాదాలో వెనక్కి తగ్గితే పక్క పొలంవాడికి తెలుస్తుంది. వాటిని దాచాలన్నా దాగవు, చాటాల్సిన పని అసలే లేదు. మనం సరిగ్గా తలకిందులు చేశాం. ఉపవాస కూడికకు ఫ్లెక్సీ కట్టిస్తాం, ప్రార్థనకు మైకు పెడతాం, కానుక ఇచ్చినవారి పేరు గోడ మీద చెక్కిస్తాం. అన్నదమ్ముల ఆస్తి తగాదా, ఎగ్గొట్టిన చీటీ డబ్బు, కోడలి కట్నం మాత్రం కుటుంబ విషయాలంటాం, సంఘంలో ఎత్తనివ్వం. దాచమన్నది చూపించి, దాగకూడనిది దాస్తున్నాం.

విధేయత అన్న మాట వినగానే కొందరు జంకుతారు, దానికి కారణం సంఘమే. చాలా వేదికల మీద ఆ మాటకు దైవసేవకుడు చెప్పినట్టు వినడం, అడగకుండా దశమభాగం తేవడం అన్న అర్థం స్థిరపడిపోయింది. బలికన్నా విధేయత మేలని సమూయేలు సౌలును మందలించిన ఘట్టాన్ని (మొదటి సమూయేలు 15) కానుకల పెట్టె ముందు వాడటం కళ్ళారా చూస్తున్నాం. నేను చెప్పే విధేయత ఇది కాదు. పేరయ్య తరం నేర్చుకున్న విధేయత మనుషుల ముందు తలెత్తుకునే బలమిచ్చింది. ఏ బోధ మనిషిని మరో మనిషికి దాసుణ్ణి చేస్తుందో అది వేరే యజమాని బోధ.

క్రైస్తవులు కాని మంచివాళ్ళు లేరా, నిజాయితీ ఒక్కటే గుర్తయితే వాళ్ళకూ మనకూ తేడా ఏమిటి అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఉన్నారు, చాలామంది ఉన్నారు, దానికి దేవునికి కృతజ్ఞత చెప్పాలి. మంచితనం మన సొత్తని నేననడం లేదు. లోకాచారం సరేనన్న చోట, చట్టం పట్టించుకోని చోట, మనిషి నష్టపడి మరీ ఒకటి మానినప్పుడు ఎందుకని జనం అడుగుతారు. ఆ ఎందుకు దగ్గరే క్రీస్తు పేరు వస్తుంది. ఇక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా మతం బయటపెట్టుకుంటే షెడ్యూల్డు కులాల హోదా పోగొట్టుకునే దళిత క్రైస్తవుల మాటేమిటి? 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వు సడలించి, క్రైస్తవ దళితులను బయటే ఉంచడం అన్యాయం. ఆ పోరాటం సంఘమంతా చెయ్యాలి. కాని సర్టిఫికెట్టు మీది మాటను బట్టి వాళ్ళ విశ్వాసాన్ని తూచేవాళ్ళు, వాళ్ళ వాడకట్టులో ఒక్కసారి విచారిస్తే మంచిది. వాళ్ళ బతుకేమిటో పక్కింటివాళ్ళకు తెలుసు.

అలాగైతే నోరు మూసుకుని బతికితే చాలు కదా అని గాంధీజీ వైపు నుంచి వాదన వస్తుంది. గులాబీ తన పరిమళం గురించి ప్రసంగాలు చెయ్యదని, సువార్త కూడా అలాగే ఉండాలని 1930ల్లో మిషనరీలకు ఆయన చెప్పేవాడు. ఆ ఉపమానంలో సగం ఒప్పుకుంటాను. మనుషులు పువ్వులు కారు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. మీ నిరీక్షణకు కారణం అడిగినవాడికి సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం బోధిస్తుంది. అక్కడ వరుస చూడాలి. ముందు ఎవరో అడిగారు, తర్వాత విశ్వాసి మాట్లాడాడు. మన ఊళ్ళలో మైకు పొద్దున్నే మోగుతుంది, ఎవరూ ఏమీ అడగరు. అడిగేంతటి విషయం మన ఇళ్ళలో వాళ్ళకు కనబడకపోవడమే అందుకు కారణమని నేననుకుంటాను.

ఎక్కడ కనబడాలో కూడా చెప్పాలి. ఆదివారం పత్రికలో వధూవరుల ప్రకటనలు చూడండి. క్రిస్టియన్ అన్న మాట పక్కనే మాల, మాదిగ, కమ్మ, రెడ్డి. ఒకే పల్లెలో మాలల గుడి వేరు, మాదిగల గుడి వేరు. ఒక్క రొట్టెలో పాలుపొందుతామని బల్ల దగ్గర చెప్పే మనం వియ్యం దగ్గర విడిపోతున్నామని ఊరికి తెలుసు. కట్నం తీసుకోవడం 1961 నుంచి చట్టరీత్యా నేరం. క్రైస్తవ వివాహాల్లో అది ఆగలేదు, విదేశాల్లో ఉద్యోగమున్న విశ్వాసి కుర్రాడికి మరీ ఎక్కువ. దీనికి కొత్త వ్యవస్థలేవీ అక్కర్లేదు. గుళ్ళో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని సంఘాన్ని అడిగే పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది. ఆ ప్రకటన చదవడానికి ముందు రెండు కుటుంబాలను కూర్చోబెట్టి, కట్నం మాట్లాడుకున్నారా, కులం చూసి వేరే సంబంధం వద్దనుకున్నారా అని కాపరి అడగాలి. మాట్లాడుకున్నామంటే ప్రకటన చదవనని చెప్పాలి. కొన్ని కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోతాయి, కానుకలు తగ్గుతాయి, కాపరి జీతానికే ఇబ్బంది రావచ్చు. ఒంగోలు పల్లెల్లో మేర గింజలు పోగొట్టుకున్నవాళ్ళ మనుమలు, మునిమనుమలు కట్టిన గుళ్ళలోనే ఈ ప్రశ్న అడగాల్సి ఉంది.