అద్దె వాటా సొంతమైతే స్లాబు ఎవరిది?

పదిహేడేళ్లుగా అద్దెకుంటున్న ఇల్లు మాది. విజయవాడలో మూడంతస్తులు, ఆరు వాటాలు. ఓనరుగారు పోయాక వాళ్ల అబ్బాయిలిద్దరూ వచ్చి, "ఆంటీ, బిల్డింగుని ఫ్లాట్లుగా విడగొట్టి అమ్మేస్తున్నాం. మీకైతే ముందుగా ఇస్తాం, ధర కూడా చూసి చేస్తాం" అన్నారు. మావారు ఆ రాత్రే కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నారు. నాకు మాత్రం సంతోషం కాదూ? వంటింటి గోడకి మేకు కొట్టాలన్నా పదిహేడేళ్లు పర్మిషన్ అడిగినదాన్ని.

మర్నాడు బట్టలారేయడానికి డాబా మీదికి వెళ్తూ మెట్లగదిలో తలెత్తి చూశాను. పైకప్పు పెచ్చులూడి, తుప్పుపట్టిన ఊచలు బయటికి కనిపిస్తున్నాయి. అవి కొత్తగా వచ్చినవి కావు. రోజూ చూస్తున్నవే. కానీ ఇన్నాళ్లూ అవి ఓనరుగారి ఊచలు. రేపు సంతకం పెడితే మావి. మావి అంటే ఆరు కుటుంబాలవి.

ఫ్లాటు కొనడమంటే మన హాలు, మన వంటిల్లు, రెండు గదులు అనుకుంటాం. నిజానికి వాటితో పాటు పునాది, పిల్లర్లు, డాబా, సంపు, మోటారు, డ్రైనేజీ గొట్టాలు, అన్నిట్లోనూ వాటా కొంటున్నాం. వాటి రోగాల్లో కూడా. కింద ఇంటి బాత్రూంలో నీళ్లు కారితే అద్దెకున్నప్పుడు ఓనరుకి ఫోన్ చేస్తాం. సొంతమయ్యాక ఎవరికి చేస్తాం? ఆరుగురం కూర్చుని ఒకరి మొహాలొకరు చూసుకోవాలి.

కొత్త ఫ్లాటు కొనేవాళ్లకి 2016లో వచ్చిన రెరా చట్టం కొంత అండ. ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. పాత బిల్డింగుని ఫ్లాట్లుగా మార్చి అమ్మేవాళ్లని కూడా ఆ చట్టం బిల్డరుతో సమానంగానే చూస్తుంది. బాగానే ఉంది కదా అనుకునేలోపు ఇంకో మాట తగిలింది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరాలో నమోదు అక్కర్లేదట. మాది మూడొందల గజాలు, ఆరు వాటాలు. ఇంకేముంది! పాతపేటల్లో, చిన్న ఊళ్లలో ఇలా విడగొట్టి అమ్మేవి చాలావరకు ఇలాంటివే. ఎవరు ఎక్కువ మోసపోవడానికి వీలుందో వాళ్ల గుమ్మం ముందుకొచ్చి చట్టం వెనక్కి తిరిగిపోతే ఎలా?

అమెరికాలో అద్దె అపార్టుమెంట్లని కండోమినియంలుగా మార్చి అమ్మడం పాత సంగతే. అక్కడ ఫ్లోరిడా రాష్ట్రంలో ఒక పద్ధతుంది. అమ్మేవాడు ముందుగా ఇంజినీరు చేతనో ఆర్కిటెక్టు చేతనో చూపించి బిల్డింగు పరిస్థితి కాగితం మీద పెట్టాలి. పైకప్పు, కరెంటు, నీటి గొట్టాలు, డ్రైనేజీ, మంటలొస్తే రక్షణ, ఒక్కోదాని వయసెంత, ఇంకెన్నాళ్లు పనికొస్తుంది, మార్చాలంటే ఎంతవుతుంది, అందులో ఒక్కో ఫ్లాటు వంతు ఎంత, అన్నీ రాయాలి. పెళ్లి చూపుల్లో ఇంతకన్నా ఎక్కువే అడుగుతాం మనం. ఇంటి దగ్గరకొచ్చేసరికి టైల్స్ రంగు అడిగి ఊరుకుంటాం.

ఇలాంటి కాగితం లేకుండా మొదటి ఫ్లాటు కూడా రిజిస్ట్రేషన్ కాకూడదని, ఎనిమిది ఫ్లాట్ల మినహాయింపు పాత బిల్డింగులకి వర్తించకూడదని నా అభిప్రాయం. "ఇన్నేళ్లు నిలబడింది, ఇకముందు నిలబడదా?" అంటాడు బ్రోకరు. ఉన్నదున్నట్టు అమ్మితే ఆ మాట కొంతవరకు వినొచ్చు. కానీ ఆరుగురు ఓనర్లకి కార్లు పెట్టుకునే చోటు కావాలని కింది వాటాల గోడలు కొట్టేస్తారట! 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన ఎన్నో అపార్టుమెంట్లకి కింద అంతస్తు పార్కింగు కోసం ఖాళీగా వదిలిందే. గోడలు లేనిచోట ఆ ఊపంతా పిల్లర్లే తట్టుకోవాలి. "మన దగ్గర అంత భూకంపం రాదులే" అంటారు మావారు. రాకపోవచ్చు. ఆ పిల్లర్ల లోపల ఊచలు ఎలా ఉన్నాయో మాత్రం ఎవరైనా చూశారా?

అందుకే అబ్బాయిలిద్దరినీ పిలిచి చెప్పాను. స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించండి, ఫీజులో సగం అద్దెకున్నవాళ్లం వేసుకుంటాం, డాబా మీద, స్థలం మీద మా వాటా ఎంతో దస్తావేజులో రాయండి, గోడల జోలికి మాత్రం ఇంజినీరు చెప్పకుండా వెళ్లొద్దు అని. మిగతా ఇళ్ల ఆడవాళ్లు నా పక్కనే నిలబడ్డారు. మగవాళ్లు ధర దగ్గరే ఆగిపోయారు.

జవాబింకా రాలేదు. పై వాటాకి ఎవరో అడ్వాన్సు ఇచ్చారని నిన్న తెలిసింది. ఆవిడ ఇల్లు చూసుకోవడానికి వస్తే కాఫీ ఇచ్చి, మెట్లగదిలోకి తీసుకెళ్లి ఒకసారి పైకి చూడమంటాను.