సాంబా మసూరి దాకా వచ్చిన ప్రశ్న

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు వరి రకాలను ప్రకటించారు. రెండూ జన్యు సవరణతో తయారైనవి. ఒకటి ‘కమల’ అనే డీఆర్ఆర్ ధాన్ 100. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబా మసూరి నుంచి తయారుచేసింది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1. దానికి మూలం కాటన్ దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010. ఈ మూల రకాల్లో ఒకటి బాపట్లలో, ఇంకొకటి మారుటేరులో పుట్టింది. ఇన్నాళ్లూ పత్తి, వంకాయ, ఆవాల చుట్టూ తిరిగిన వాదం ఇప్పుడు మనం రెండు పూటలా తినే అన్నం దగ్గరికి వచ్చింది.

ఈ వాదంలో ఎప్పుడూ ముందుకొచ్చే ప్రశ్న ఒకటే: జన్యుమార్పిడి (జీఎం) తిండి మంచిదా, చెడ్డదా? మొత్తంగా అడిగితే దానికి జవాబు లేదు. ఏ పంటలో ఏ జన్యువు పెట్టారో, దానివల్ల గింజలో ఏం మారిందో చూసి ఒక్కొక్కదాన్ని విడిగా తేల్చాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదీ అదే. అమెరికాలో ఒక విత్తన కంపెనీ సోయా చిక్కుడులో మాంసకృత్తుల నాణ్యత పెంచడానికి బ్రెజిల్ నట్ జన్యువును చేర్చింది. ఆ గింజ పడనివాళ్ల రక్త నమూనాలతో పరీక్షిస్తే, అలర్జీ కలిగించే ప్రొటీన్ కూడా సోయాలోకి వచ్చేసిందని తేలింది. 1996లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ సోయా బజారుకు రాలేదు. భయానికి ఆధారం లేకపోలేదని చెప్పే ఉదాహరణ ఇది. పరీక్ష సరిగా చేస్తే ప్రమాదం ముందే పట్టుబడుతుందనడానికీ ఇదే ఉదాహరణ.

రెండో పక్క కూడా చూడాలి. జీఎం మొక్కజొన్న తిన్న ఎలుకలకు కణుతులు వచ్చాయంటూ 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త సెరాలినీ బృందం ప్రచురించిన పత్రం ప్రపంచమంతా కలకలం రేపింది. ఒక్కో గుంపులో తీసుకున్న ఎలుకలు తక్కువ, పైగా అవి సహజంగానే కణుతులు ఎక్కువగా వచ్చే జాతివి. మరుసటి ఏడాది ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత మరో పత్రిక దాన్ని అచ్చువేసినా, అందులోని లోపాలు అలాగే ఉండిపోయాయి. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీలు వందలాది అధ్యయనాలు పరిశీలించి 2016లో నివేదిక ఇచ్చాయి. మార్కెట్లో ఉన్న జీఎం పంటలు తినడం వల్ల మామూలు పంటల కంటే ఎక్కువ హాని జరుగుతోందనడానికి ఆధారం దొరకలేదని అందులో చెప్పాయి. నేను దాన్ని నమ్ముతాను. జీఎం పేరు వినగానే విషమని ప్రచారం చేయడం ప్రజలకు మేలు చేయదు.

అయితే ఆ నమ్మకం మన దేశంలో ఎందుకు కుదురుకోలేదన్నదే అసలు సంగతి. బీటీ వంకాయ కథ చూడండి. మొవ్వును, కాయను తొలిచే పురుగును చంపే ప్రొటీన్ జన్యువును నేలలోని బ్యాక్టీరియా నుంచి తెచ్చి వంగలో చేర్చారు. భద్రతా పరీక్షల బాధ్యత విత్తనం తయారుచేసిన కంపెనీదే. విషప్రభావం, అలర్జీ పరీక్షల వివరాలు జనం ముందు పెట్టించడానికి 2008లో సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవను, జీఎం పంటల అనుమతులు చూసే కేంద్ర కమిటీ జీఈఏసీ సమావేశాలకు కోర్టే పరిశీలకుడిగా పంపింది. జరిగిన పరీక్షలు చాలవని, స్వతంత్ర ప్రయోగశాల ఒకటి ఉండాలని ఆయన పట్టుబట్టారు. 2009 అక్టోబర్‌లో కమిటీ అనుమతికి సిఫార్సు చేసింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జనాభిప్రాయం విన్నారు. 2010 ఫిబ్రవరి 9న మారటోరియం ప్రకటించారు. సందేహాలు తెలిపిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

మారటోరియం అంటే నిషేధం కాదు. స్వతంత్ర పరీక్షలు జరిగి, శాస్త్రవేత్తలకూ జనానికీ నమ్మకం కుదిరేదాకా ఆగుదామన్న మాట. ఆగడం ఆగాం, పరీక్షల సంగతి మాత్రం అక్కడే ఉండిపోయింది. బంగ్లాదేశ్ 2013లో అదే వంకాయకు అనుమతిచ్చి సాగు చేస్తోంది. మన దగ్గర 2019లో హర్యానాలో దొంగచాటు సాగు బయటపడింది. పరీక్షించని ప్రభుత్వం అడ్డుకోనూ లేకపోయింది.

వరంగల్ గొర్రెల కాపరుల అనుభవమూ ఇలాంటిదే. 2006లో పత్తి ఏరేశాక బీటీ చేలల్లో మేసిన గొర్రెలు చచ్చిపోతున్నాయని వాళ్లు ఫిర్యాదు చేశారు. బీటీ వల్లేనని తేలలేదని జీఈఏసీ చెప్పింది. కావచ్చు, చేలో కొట్టిన పురుగుమందే కారణమై ఉండొచ్చు. కానీ అక్కడికక్కడ నమూనాలు తీసి, ఎవరు పరీక్షించారో, ఏం దొరికిందో కాపరికి అర్థమయ్యే మాటల్లో చెప్పే ఏర్పాటు ఉండి ఉంటే అనుమానం ఇన్నేళ్లు మిగిలేది కాదు.

నిజానికి 2002లో బీటీ పత్తి వచ్చినప్పటి నుంచీ దాని గింజల నూనె మన వంటల్లోకి వస్తూనే ఉంది. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు కాబట్టి నాకు దాని మీద భయం లేదు. గింజల చెక్క పశువులకు పోతుంది. 2021లో కోళ్ల దాణా కోసం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి కేంద్రమే అనుమతిచ్చింది. ప్యాకెట్ మీద ‘జీఎం’ అని రాయాలన్న నిబంధన 2013 జనవరి 1 నుంచి ఉంది. ఆ అక్షరాలున్న నూనె ప్యాకెట్ నాకింతవరకు కనిపించలేదు. భయం లేని చోట కూడా చెప్పకుండా దాస్తే, దాచారన్న సంగతే భయమవుతుంది.

ఇక కమల. ఇందులో బయటి జీవి జన్యువేదీ లేదు. సాంబా మసూరిలో ఉన్న ఒక జన్యువునే సవరించి కంకికి గింజలు పెరిగేలా చేశారు. దిగుబడి 19 శాతం ఎక్కువని, పంట ఇరవై రోజులు ముందే కోతకు వస్తుందని ప్రకటించారు. నీళ్లు మిగులుతాయి, ఆ మేరకు రైతుకు ఊరటే. బీటీ వంకాయతో పోలిస్తే తినేవారి భద్రత గురించి ఇక్కడ అడగాల్సింది తక్కువే. కానీ అడగాల్సింది అసలు లేదనడం సరికాదు. బయటి జన్యువు లేని ఇలాంటి పంటలను 2022 మార్చి 30 ఉత్తర్వుతో, జన్యుమార్పిడి జీవులపై 1989 నాటి నిబంధనల్లోని ప్రధాన భాగం నుంచి కేంద్రం మినహాయించింది. దాంతో, పంటను తయారుచేసిన సంస్థలోని జీవభద్రతా కమిటీకే తొలి పరిశీలన బాధ్యత దక్కింది. జీఈఏసీ దాకా వెళ్లాల్సిన పనే లేదు. ఏ పద్ధతిలో తయారైందన్నది కాదు, చివరికి గింజలో ఏం మారిందన్నదే చూడాలని అమెరికా అకాడమీల 2016 నివేదిక సూచించింది. మనం పద్ధతిని చూసి పరీక్షనే తగ్గించుకున్నాం. కత్తిరించాలనుకున్న చోట కాక వేరే చోట కూడా జన్యువు తెగిందేమో, గింజలో పోషకాలు మారాయేమో చూడటం ఇవాళ్టి ప్రయోగశాలలకు అసాధ్యం కాదు.

జన్యుమార్పిడి ఆవాలకు ఇచ్చిన అనుమతిని సవాలు చేసిన కేసులో 2024 జులై 23న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నాగరత్న, సంజయ్ కరోల్ అనుమతి విషయంలో భిన్నమైన తీర్పులిచ్చారు. జీఎం పంటలపై జాతీయ విధానం కావాలని మాత్రం ఇద్దరూ చెప్పారు. రాష్ట్రాలతోనూ, రైతులతోనూ మాట్లాడి రాయమన్నారు. ఆ విధానంలో జన్యు సవరణ పంటలకూ చోటుండాలి. తెలుగు రాష్ట్రాలు రెండూ దానికోసం ఎదురుచూడకుండానే అడగగలిగినవి ఉన్నాయి. కమల జన్యుక్రమం పూర్తి వివరాలు, గింజలోని పోషకాల విశ్లేషణ, దేశంలో ఎక్కడెక్కడ పండించి చూశారో ఆ ప్రతి క్షేత్రం దిగుబడి లెక్కలు భారత వరి పరిశోధన సంస్థ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అది ప్రజల డబ్బుతో నడిచే సంస్థ, కంపెనీ రహస్యాల అడ్డంకి దానికి లేదు. బాపట్ల, మారుటేరు కేంద్రాలున్న ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలోని జయశంకర్ విశ్వవిద్యాలయం ఆ గింజను సొంతంగా పరీక్షించి ఫలితాలను తెలుగులో ప్రచురించాలి. విత్తనం విస్తారంగా రైతుల చేతికి వెళ్లేలోగా ఇది జరగాలి.