బావికి హద్దు గీయాలి

పత్తికి మందు కొట్టే రోజులు వచ్చాయంటే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊరికి పోయినా ఒకటే తీరు. చేను పక్కన బావి. బావి ఒడ్డునే డ్రమ్ము. మందు కలిపేది అక్కడే, పంపు కడిగేది అక్కడే, ఖాళీ సీస విసిరేసేది అక్కడే. కలుపు తీసే ఆడకూలీలు తాగేందుకు నీళ్లు చేదుకునేదీ ఆ బావిలోనే. ఎందుకు తాగుతున్నారమ్మా అంటే, "ఎండల దూప అయితే యాడికి పోవాలె? ఉన్నది గీ ఒక్క బాయే" అంటారు.

నల్లాలు వచ్చినంక ఇంకా బావుల ముచ్చట ఎందుకు అని కొందరు అడగవచ్చు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపు ఇంటి ముందుకు వచ్చింది. మంచిదే. కాని పొద్దున చేనుకు పోయి పొద్దుగూకేదాకా నడుము వంచే కూలీ వెంట నల్లా రాదు కదా! ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్లు పగటియాళ్లకే అయిపోతాయి. ఏజెన్సీలోని గోండు, కొలాం గూడేల్లో పైపు పగిలితే, మోటారు కాలితే, మళ్లీ బావే, వాగులో తోడుకున్న చెలిమే దిక్కు. వాగుకు ఎగువన పత్తి చేను ఉంటే, వాన పడ్డప్పుడు ఆ చేనుమీది మందు దిగేది చెలిమెలోకే.

చుక్క మందుతో ఏమవుతుందిలే అనేవారు ఈ లెక్క చూడాలి. మోనోక్రోటోఫాస్ పత్తి రైతులకు దశాబ్దాలుగా తెలిసిన మందు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో పెట్టిన హద్దు ప్రకారం అది లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము మించరాదు. అంటే పది లక్షల లీటర్లకు ఒక్క గ్రాము. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల నీళ్లున్న గుండ్రటి బావిలో సుమారు లక్షా డెబ్బయి ఎనిమిది వేల లీటర్లు ఉంటాయి. 36 శాతం మందు ఒక్క మిల్లీలీటరు పడితే చాలు, ఆ బావి హద్దు దాటి రెట్టింపవుతుంది. ఒక చెంచా మందు అట్లాంటి పది బావులకు సరిపోతుంది. కాలం గడిస్తే మందు విరిగిపోతుందన్నది నిజమే. కాని దూపైన కూలీ అన్ని రోజులు ఆగి తాగుతాడా?

మందు బావిలోకి చేరే దారులు అందరికీ తెలిసినవే. ఒడ్డున ఒలికింది వాననీటితో జారుతుంది. చుట్టుగోడ లేని బావికి అడ్డమే లేదు. డ్రమ్ములో పైపు ముంచి మోటారు వేస్తారు. ఫుట్‌వాల్వు పాడై ఉండి అప్పుడే కరెంటు పోతే, పైపు మందునీళ్లను తిరిగి బావిలోకే గుంజుతుంది. తర్వాత బ్లీచింగ్ పౌడరు చల్లితే క్రిములు చస్తాయేమో గాని మందు పోతుందన్న భరోసా లేదు. కాచి తాగినా అంతే.

ఇంత జరిగితే తప్పు ఎవరిమీద వేస్తారు? కూలీమీద. "చదువు లేదు, జాగ్రత్త లేదు" అంటారు. 2017లో పెన్‌గంగ అవతలి యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ దాదాపు ఇరవై మంది చనిపోయినప్పుడూ నెపాన్ని మందు కొట్టినవారి మీదికే నెట్టజూశారు. కాని చట్టం చెప్పేది వేరు. 1971 నాటి పురుగుమందుల నియమాల్లో 44వ నియమం ఖాళీ డబ్బాలు, మిగిలిన మందు, కడిగిన నీళ్లు నీటిని పాడుచేయకుండా చూసే బాధ్యతను తయారీదారుల మీద, మందు కొట్టే పని చేయించేవారి మీద కూడా పెట్టింది. డబ్బాలను పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలన్నది. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి వాగులోకి గాని బావిలోకి గాని విషాన్ని వదలరాదు. చట్టాలకు కొదువ లేదు. అమలు చేయించే చేతులకే కొదువ.

చేతులు కాలినంక ఆకులు పట్టుకున్న కథ కేరళలో చూశాం. కాసరగోడ్ జీడితోటల మీద 1970ల చివరినుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. 2001లో పడ్రె గ్రామం నీటిని పరీక్షిస్తే మందు బయటపడింది. దేశమంతటా ఆ మందును ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది 2011 మే 13న. అప్పటిదాకా మన పత్తి చేలల్లోనూ అది కొట్టిన మందే.

సన్నకారు రైతు, కౌలురైతు కూలీకి శత్రువులు కాదు. వాళ్లూ ఆ బావి నీళ్లే తాగుతారు. అప్పు పెట్టే డీలరే పైరుకు వైద్యుడైనంత కాలం మందు తగ్గదు. తగ్గించవచ్చునని పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం పత్తిలోనే చేసి చూపింది. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టల వంటివాటితో నడిపి 2004లో పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నది. గింజలు ఏరాలన్నా, దంచాలన్నా మనుషులు కావాలి. డీలరుకు పోయే పైసలు కూలీకి వస్తాయి.

కనుక ఈ సీజనులోనే కూలి సంఘాలు, రైతు సంఘాలు కలిసి గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. తాగునీరు రాజ్యాంగం 11వ షెడ్యూలులో ఉన్న పంచాయతీ అంశం. ప్రతి బావికీ, చెలిమెకూ చుట్టూ వంద అడుగుల హద్దు గీయాలి. ఆ లోపల మందు కలపరాదు, పంపు కడగరాదు. సీసను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోయాలి. ఖాళీ డబ్బాలో తాగునీళ్లు మోయరాదు. ఖాళీ డబ్బాలు డీలరే వాపసు తీసుకోవాలి. చుట్టుగోడ లేని బావులకు పంచాయతీ గోడ కట్టించాలి. నీటి పరీక్ష అంటే ఫ్లోరైడు, క్రిములు చూసి ఊరుకుంటారు. పురుగుమందుల పరీక్ష వేరుగా అడగాలి.

అన్నిటికన్న ముందు, కూలి మాట్లాడుకునేటప్పుడే నీళ్ల మాటా మాట్లాడుకోవాలి. పనికి పిలిచిన ఆసామి చేను కాడికి మంచినీళ్లు తేవాలి. అది ఆయన దయ కాదు, కూలిలో భాగం. కూలి రేటు కోసం కొట్లాడి గెలిచినవాళ్లం, కడివెడు నీళ్ల కోసం కొట్లాడలేమా?