వదిలిన చేపలన్నీ బతకవు

గాలానికి పడ్డ చేపను మళ్లీ నీళ్లలో వదిలేస్తే దానికి ఏ హానీ ఉండదన్న నమ్మకం సరదాకు గాలం వేసేవాళ్లలో పాతుకుపోయింది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద చేపతో ఫొటో దిగి, దాన్ని వదిలి, నిశ్చింతగా సాగర్ రోడ్డెక్కేవాళ్ల మాటా ఇదే. ఈ మాట తప్పు. తోక ఆడిస్తూ లోపలికి పోయిన చేప ఆ క్షణానికి బతికుంది, అంతే. చావు చాలాసార్లు ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో, మన కంటపడని చోట వస్తుంది.

ఈ ధీమాకు ఆధారం చల్లటి నదుల సాల్మన్ చేపలు. రష్యాలోని పోనోయ్, నార్వేలోని ఆల్టా నదుల్లో వదిలిన సాల్మన్లలో నూటికి తొంభైకి పైగా బతికాయి. ఆ లెక్క నిజమే. అయితే నీళ్లు 20 డిగ్రీలకు చేరితే ఆ సాల్మన్లకే ముప్పు పెరుగుతుంది. అందుకే కెనడాలోని మిరామిషి నదిలో నీళ్లు వేడెక్కితే సాల్మన్ మడుగుల్లో గాలం వేయనివ్వరు. మన రవ్వ, బొచ్చె వేడికి అలవాటుపడ్డవే. కానీ 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. పెనుగులాడి అలసిన చేపకు ఊపిరి ఎక్కువ కావలసిన వేళ అందేది తక్కువ.

ఇక ఫొటో సంగతి. 1992లో కెనడాలో రెయిన్‌బో ట్రౌట్‌లను బాగా అలసిపోయేలా చేసి చూస్తే, నీళ్లలోనే ఉంచినవాటిలో 12 శాతం చనిపోయాయి. అర నిమిషం గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, నిమిషం ఉంచినవాటిలో 72 శాతం పోయాయి. మొప్పల రేకులు నీళ్లు లేక ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒక్క ఫొటోకు నిమిషం ఇట్టే గడిచిపోతుంది.

కొర్రమీను గాలి పీల్చే చేప కదా, దానికేం కాదంటారు. ఊపిరి వరకూ ఒప్పుకుంటాను. నా అసలు అభ్యంతరం వేరే ఉంది. మన రాష్ట్ర చేప అయిన ఈ కొర్రమీను వానాకాలంలో గుడ్లు పెట్టి, పిల్లలు పెరిగేదాకా పక్కనే కాపలా ఉంటుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చి కదులుతుంటాయి. వేటగాడు వెతికేది ఆ గుంపునే. దాని పక్కన గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్ప పడగానే, పిల్లల్ని కాచే పెద్ద చేప మీదికి దూకుతుంది. అది ఒడ్డున ఉన్నంతసేపూ పిల్లలకు దిక్కులేదు. గూడు కాచే బాస్ చేపల మీద అమెరికాలో, కెనడాలో జరిగిన పరిశీలనల్లో ఇది స్పష్టంగా కనిపించింది: మగ చేపను పట్టగానే ఇతర చేపలు గూటి మీద పడి తింటాయి, కొన్ని మగచేపలు తిరిగొచ్చినా గూడు వదిలేస్తాయి. పట్టిన చేప క్షేమంగా ఈదిపోయినా, పోవలసినవి పోతాయి.

గాలానికి పడి వదిలిన చేపల మీద వచ్చిన 274 అంచనాలను 2005లో ఒకచోట చేర్చి చూస్తే, చనిపోయినవి సగటున 18 శాతం. చేపను బట్టి, గాలం దిగిన చోటును బట్టి అది సున్నా నుంచి 95 దాకా మారుతుంది. ఆ సగటున ఇరవై చేపల్ని పట్టి వదిలినవాడు మూడు నాలుగింటిని చంపినట్టే. కూరకు ఒక్కటి పట్టుకుని గాలం చుట్టేసినవాడు చంపింది ఒక్కటే.

పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయడం పూర్తిగా ఆపాలి. మిగతా రోజుల్లో ముల్లు లేని గాలం వాడాలి, చేపను నీళ్లలోనే తడి చేత్తో విడిపించాలి, గాలం మింగేస్తే లాగకుండా దారం కోసేయాలి. మత్స్య సహకార సంఘాలు గాలానికి అనుమతి ఇస్తే ఈ షరతుల మీదే ఇవ్వాలి.