బెత్తానికి బదులు బెల్లమా?

పిల్లల్ని కొట్టకూడదనే విషయంలో అభ్యుదయవాదుల మధ్య వివాదం లేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది కూడాను. కాని బెత్తం కింద పెట్టిన ఉపాధ్యాయ మిత్రులు కొందరు యిప్పుడు చేతిలోకి తీసుకున్నదేమిటి? నక్షత్రాల పట్టిక, మిఠాయి పొట్లం, ప్రశంసాపత్రం. చెప్పినట్టు విన్నవాడికి నక్షత్రం. విననివాడికి ఖాళీ గడి. దీన్ని వారు శాస్త్రీయ విద్యావిధానమంటున్నారు. నేను కాదంటున్నాను.

ఇది కొత్తదీ కాదు, దండనకు విరుద్ధమూ కాదు. 1798లో లండన్‌లో జోసెఫ్ లాంకస్టర్ బీదపిల్లలకు బడి పెట్టాడు. కొట్టటం తనకు గిట్టదన్నాడు. మంచి నడతకు చీట్లు, బిళ్లలు, ఆటబొమ్మలు పంచాడు. ఆ పద్ధతిలోనే, తప్పుచేసిన పిల్లవాణ్ణి బుట్టలో పెట్టి పైకప్పుకు వేలాడదీసి తోటిపిల్లలచేత నవ్వించటమూ వుంది. బిళ్లా, బుట్టా వొక్క చేతివే. ఇచ్చే అధికారం వున్నవాడికే ఇవ్వకుండా ఏడిపించే అధికారమూ వుంటుంది.

పోనీ, ఫలితమన్నా వుందా? 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశువిహారంలో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయటమంటే యిష్టమున్న పిల్లల్ని తీసుకున్నారు. బొమ్మ గీస్తే పత్రం ఇస్తామని కొందరికి ముందే ఆశపెట్టారు. కొద్దిరోజుల తర్వాత చూస్తే, ఆ పిల్లలు బొమ్మలమీద గడిపిన కాలం మిగతావారు గడిపినదాంట్లో సుమారు సగానికి పడిపోయింది. ఆశ పెట్టకుండా చివర పత్రమిచ్చిన పిల్లల్లో యీ నష్టం కనబడలేదు. అంటే చెరిచింది కాగితంముక్క కాదు, బేరం. ఆట కూలిపని అయింది. కూలి ఆగగానే పని ఆగింది.

ఇంతకన్నా ముఖ్యమైనది వర్గ ప్రశ్న. బడి వార్షికోత్సవాల్లో ‘పూర్తి హాజరు’ బహుమతి ఇస్తారు. మిరపకోతలకు తల్లిదండ్రుల వెంట వలసపోయే పిల్లకు అది వస్తుందా? వూళ్లో నిలకడగా వున్న రైతు బిడ్డకు వస్తుంది. అప్పుడు మనం సన్మానించింది నడతనా, నాలుగెకరాల పొలాన్నా?

“బీదపిల్లవాడికి బహుమతిగా వచ్చే నోటుపుస్తకం అవసరం కాదా?” అని అడిగే మిత్రులున్నారు. అవసరమే. అవసరం గనుకనే దాన్ని పందెంలో పెట్టకూడదు. మధ్యాహ్న భోజనాన్ని బుద్ధిగా కూర్చున్నవారికే వడ్డిస్తామంటే మనం వూరుకుంటామా? అన్నానికి వర్తించిన న్యాయం పుస్తకానికి వర్తించదా?

అయితే పిల్లల్ని మెచ్చుకోనే కూడదా? అలా నేననటం లేదు. వాళ్లు చేసినదాన్ని శ్రద్ధగా చూడటం, బాగున్నచోట బాగుందనటం, బాగులేనిచోట యెందుకు బాగులేదో చెప్పటం బహుమతి కాదు. సాటిమనిషికి ఇచ్చే గౌరవం. 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించిన గిజుభాయి బధేకా బహుమతినీ, దండననూ రెంటినీ కాదన్నది యీ గౌరవం కోసమే.

తరగతిగది వూడిస్తే నక్షత్రం వస్తుందని వూడ్చేవాడు వేరు; అది మన గది గనుక వూడ్చేవాడు వేరు. మొదటివాణ్ణి తయారు చెయ్యటానికి యాజమాన్యాలు చాలు, మనమక్కర్లేదు. ప్రతి పనికీ “నాకేమిస్తారు?” అని అడగటం పదేళ్లపాటు మనమే నేర్పి, రేపు వాడు సంఘంలో చేరలేదనీ, సమ్మెలో పక్కవాడి కోసం నిలబడలేదనీ నిందించే హక్కు మనకెక్కడిది?