పిన్నులు – పిన్నలు – పెద్దలు



శీర్షిక చూసి ఇదేదో శబ్దాలంకార వినోదమని భ్రమపడకండి. అనుప్రాస కుదిరిన మాట నిజమే గాని, విషయం మాత్రం అక్షరాలా పిన్నులను గురించినదే. చొక్కా బొత్తాము ఊడినప్పుడు మనం వెదుక్కొనే పిన్నీసు కాదిది. అమెరికాలోని డిస్నీ వినోదవనాలలో పిల్లలూ పెద్దలూ మెడపట్టీలకు గుచ్చుకొని తిరుగుతూ, ఇతరులతో మార్చుకొనే రంగురంగుల లోహపు బిళ్ళలు. అక్కడ స్థిరపడిన సంతానాన్ని చూడబోయిన మన తెలుగు తల్లిదండ్రులలో చాలామంది ఫ్లారిడాలోని ఆర్లాండో నగరానికి వెళ్ళివచ్చే ఉంటారు. ఈ తతంగాన్ని చూసి, "అంగుళమంత రేకుముక్కకు పది పదిహేను డాలర్లా!" అని మనసులోనే రూపాయలలోకి గుణించుకొని నిట్టూర్చే ఉంటారు. ఆ నిట్టూర్పులో న్యాయం లేదనను. అయితే ఈ ఆటలో పసివారికి పనికివచ్చే చదువు ఒకటి ఉన్నదనీ, దానిని చెడగొడుతున్నది పిన్నలు కాదు, పెద్దలేననీ నా అభిప్రాయం. అది ఎందుకో మనవి చేస్తాను.

మొదట కొంత పూర్వకథ. ఈ ఆచారానికి మూలం ఒలింపిక్ క్రీడలలో ఉన్నది. 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్సులో క్రీడాకారులూ, న్యాయనిర్ణేతలూ, అధికారులూ ఎవరెవరో తెలియడానికి అట్టబిళ్ళలు ధరించారు. కాలక్రమాన అవి లోహపు బిళ్ళలయ్యాయి. వివిధ దేశాల క్రీడాకారులు వాటిని స్నేహచిహ్నాలుగా మార్చుకోసాగారు. 1984 లాస్ ఏంజెలెస్ క్రీడల నాటికి ఆ సరదా ప్రేక్షకులకు బలంగా సోకింది. 1988లో కెనడాలోని కాల్గరీలో శీతాకాల క్రీడలు జరిగినప్పుడు కోకాకోలా సంస్థ పిన్నుల మార్పిడి కోసమే ఒక కేంద్రాన్ని తెరిచింది. డిస్నీ వనాలలో పిన్నులు అంతకుముందూ అమ్మేవారు గాని, మార్చుకొనే ఆటను ఆ సంస్థ పద్ధతిగా ప్రారంభించినది 1999 అక్టోబరులో, ఆర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో జరిగిన సహస్రాబ్ది ఉత్సవాల సందర్భంలో. అక్కడినుండి అది కాలిఫోర్నియాలోని డిస్నీలాండుకూ, ఇతర దేశాలలోని వనాలకూ పాకింది.

పిన్ను తయారీ విధానం కూడా తెలుసుకోదగినదే. లోహపు రేకు మీద బొమ్మను అచ్చు కొట్టి, పల్లపు భాగాలలో రంగుల ఎనామెల్ నింపి, కాల్చి గట్టిపరుస్తారు. కొన్నింటిని లోహపు గీతలూ రంగూ సమతలమయ్యేదాకా మెరుగు పెడతారు. కొన్నింటిని అలాగే వదలుతారు. వేలితో తడిమితే గీతలు తగులుతాయి. వెనుక భాగాన డిస్నీ ముద్ర ఉంటుంది. పరిమిత సంఖ్యలో చేసినవైతే ఎన్ని చేశారో కూడా దాని మీదనే చెక్కి ఉంటుంది. గుచ్చుకొనే మొనకు రబ్బరు బిరడా ఒకటి. అది మిక్కీ ఎలుక తల ఆకారంలో ఉండడం చూసి మా మనవరాలు మురిసిపోయింది.

ఇక ఆట నియమాలు. ఆ వనాలలో పనిచేసే ఉద్యోగులను 'కాస్ట్ మెంబర్లు' అంటారు, అనగా నాటకంలోని పాత్రధారులన్నమాట. వారిలో కొందరు పిన్నులు గుచ్చిన వెడల్పాటి పట్టీని మెడలో వేసుకొని కనిపిస్తారు. మన వద్ద ఉన్న ఒక పిన్నును చూపి, వారి పట్టీమీద మనకు నచ్చినదానిని అడగవచ్చు. ఒకటికి ఒకటే. మనమిచ్చేది నిజమైన డిస్నీ పిన్ను కావాలి, చెడిపోయినది కారాదు, వారి పట్టీమీద అప్పటికే ఉన్న బొమ్మ కారాదు. వారి పట్టీని మనం ముట్టుకోరాదు. తీసి ఇవ్వవలసినది వారే. ఒక్కొక్కరితో రోజుకు రెండు మార్పిడులకు మించరాదు. డబ్బు చేతులు మారరాదు. ఈ నియమాలు పాటించినంతవరకు, అడిగినదానిని ఉద్యోగి కాదనకుండా ఇస్తాడు.

చివరి రెండు మాటలను మరొకసారి గమనించండి. గుక్కెడు నీళ్ళ సీసా మొదలుకొని గొడుగు దాకా ప్రతిదానికీ వెల కట్టిన చోట, డబ్బు పనికిరాని వ్యవహారం ఇదొక్కటి. అంతేకాదు, 2000ల తొలి సంవత్సరాలలో వచ్చిన 'హిడెన్ మిక్కీ' పిన్నులున్నాయి. బొమ్మలో ఎక్కడో ఒక మూల చిన్న మిక్కీ తల గుర్తు దాగి ఉంటుంది. అవి మొదట అంగట్లో అమ్మడానికి కాక, ఉద్యోగుల మెడపట్టీల ద్వారానే సందర్శకులకు చేరాలని విడుదలయ్యాయి. అంటే ఎంత ధనికుని బిడ్డ అయినా అక్కడికి పోయి, నోరు తెరిచి, మర్యాదగా అడగవలసినదే. నాకీ ఏర్పాటు ఎంతో నచ్చింది. బడిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవానిగా చెబుతున్నాను: తెలిసిన జవాబు చెప్పలేని పిల్లలకంటె, కావలసినది అడగలేని పిల్లలే ఎక్కువ.

మా మనవరాలు ఆ కోవకు చెందినదే. ఎనిమిదేళ్ళది. ఇంట్లో వాగుడుకాయ, కొత్తవారి ఎదుట మౌనముని. ఆర్లాండో ప్రయాణానికి ముందు మా అల్లుడుగారు అంతర్జాలంలో ఎవరో అమ్ముతుంటే యాభై పిన్నుల పొట్లం ఒకటి తెప్పించారు. ఒక్కొక్కటి డాలరు కూడా పడలేదట. ఊరు చేరిన సాయంత్రం అక్కడి దుకాణంలో ఆరు పిన్నులు కొని, బసకు వచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే భేదం బయటపడింది. పొట్లంలోనివాటి అంచులు గరుకు. రంగులు వెలవెల. ఒకే బొమ్మ నాలుగు పిన్నులలో నాలుగు రకాల ఎరుపులో ఉన్నది. వెనుక వైపు నగిషీ అంచుదాకా రాకుండా మధ్యలోనే తెగిపోయింది. నకిలీలని వేరే చెప్పనక్కరలేదు.

"పోనీలెండి మామయ్యగారూ, వాళ్ళు ఎలాగూ కాదనరు. ఇవే ఇచ్చి మంచివి తెచ్చుకుందాం" అన్నారు అల్లుడుగారు. ఆయన దుర్మార్గుడు కాడు. పెట్టిన సొమ్ము వృథా కారాదన్న గృహస్థు ఆలోచన అది. మనవరాలు అక్కడే కూర్చుని వింటున్నది.

"తాతయ్యా, ఇది తీసుకున్న ఆవిడ మళ్ళీ దీన్ని ఎవరికిస్తుంది?" అని అడిగింది.

"ఆవిడను అడిగిన మరొక పిల్లకు."

"అప్పుడు ఆ పిల్లకు ఫేకుది వస్తుందిగా?"

ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరివద్దా జవాబు లేదు. అల్లుడుగారే లేచి పొట్లాన్ని మూటగట్టి పెట్టెలో అడుగున పెట్టారు. మరునాడు పిల్ల ఆరు పిన్నులతోనే బయలుదేరింది. మొదటి ఉద్యోగిని దగ్గర రెండుసార్లు వెనుదిరిగి వచ్చింది. మూడవసారి ఆ పెద్దావిడే వంగి, పట్టీని పిల్ల కళ్ళ ఎత్తుకు దించి నిలుచున్నది. చీకటి పడేసరికి పదకొండు మార్పిడులు జరిగాయి. బయలుదేరినప్పుడు ఆరు పిన్నులే, తిరిగి వచ్చినప్పుడూ ఆరే. కాని మా పిల్ల ఆ ఒక్క రోజున పదిమంది అపరిచితులతో మాట్లాడింది. ఆ ఆరింటిలో ఏది ఎవరి దగ్గర తీసుకున్నదో, వారేమన్నారో ఇప్పటికీ చెబుతుంది.

ఇందులో నేను గ్రహించినది ఇది. ఉద్యోగి కాదనడు గనుక, తనిఖీ చేయవలసిన బాధ్యత ఇచ్చేవానిదే అవుతుంది. పది సెకన్ల వ్యవహారంలో, వరుసలో పదిమంది పిల్లలు ఎదురుచూస్తుండగా, ప్రతి పిన్నునూ తిప్పి తిప్పి చూడడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ మంచితనాన్ని ఆసరా చేసుకొనే నకిలీల వ్యాపారం సాగుతున్నది. సేకర్తలు వీటిని 'స్క్రాపర్లు' అంటారు. నాణ్యత పరీక్షలో పక్కన పెట్టినవీ, అనుమతి లేకుండా చేసినవీ గుత్తగా అంగడి కెక్కుతాయి. కొన్నవారు వాటిని మెడపట్టీల మీదికి చేర్చి, అసలైనవాటిని తీసుకుపోతారు. ఎక్కువ వెల పలికేవాటిని తిరిగి అమ్ముకొనేవారూ లేకపోలేదు. ఇలా ఒక్కొక్క నకిలీ లోపలికి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క అసలుది బయటికి పోతుంది. చివరకు నష్టపోయేది ఎవరు? దుకాణంలో న్యాయంగా కొన్న పిన్నును ఇచ్చి, నకిలీని ముద్దుగా గుచ్చుకొని పోయే పసిది.

"ఆ పసిదానికి తెలియదు కదా, సంతోషంగానే ఉన్నది కదా" అని కొందరు వాదిస్తారు. తెలియనివారికి తక్కువ తూచడం తప్పు కాదన్నట్లున్నది ఈ వాదన. మన భాషలో ఈ క్రియకు ఎంత చక్కని మాట ఉన్నదో చూడండి: ఇచ్చిపుచ్చుకోవడం. ఇవ్వడం ముందు, పుచ్చుకోవడం తరువాత. ఇచ్చేదానిలోనే లోపముంటే పుచ్చుకొన్నదానికి ఆ పేరు చెల్లదు. దానికి వేరే పేరున్నది, అది ఇక్కడ వ్రాయనక్కరలేదు.

"ఇదంతా కంపెనీవారి వ్యాపార మాయ. మార్చుకోవాలంటే ముందు కొనాలి కదా" అనేది మరొక ఆక్షేపణ. కాదనను. పరిమిత సంఖ్య పేరిట కొరతను సృష్టించి, ఆశను పెంచి అమ్మడం వారికి తెలిసిన విద్య. ప్రతి సంవత్సరమూ కొత్త వరుసలు, పండుగకొక బొమ్మ, వార్షికోత్సవానికొక బొమ్మ. పూర్తి వరుస కావాలనుకొన్న పెద్దవాని జేబుకు అంతు ఉండదు. అయితే ఆ ఆశ సేకరణకు సంబంధించినది, మార్పిడికి కాదు. మార్చుకొనే పిల్లకు ఆరు పిన్నులు చాలునని పైన చెప్పిన లెక్కే సాక్ష్యం. ఆ రెంటి భేదం తెలిసిన తల్లిదండ్రులకు ఖర్చు అదుపులోనే ఉంటుంది.

పెద్దవారైన సేకర్తలందరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. వారిలో ఏ బొమ్మ ఏ ఏడు వచ్చిందో నోటికి చెప్పగల విద్వాంసులున్నారు. పిల్లలు కనిపిస్తే ఊరకే ఒకటి చేతిలో పెట్టే సహృదయులున్నారు. నా అభ్యంతరం చరవాణిలో ధర చూసుకొంటూ పసివారితో బేరమాడేవారితో. సందర్శకులు తమలో తాము మార్చుకొనేటప్పుడు "కాదనరాదు" అన్న నియమం లేదు, పిల్లవానికి రక్షణా లేదు. "ఆ ఒక్కటి ఇస్తే ఈ మూడు ఇస్తాను" అంటే మూడు ఎక్కువనుకొంటాడు పసివాడు. మా బడిలో తపాలా బిళ్ళలు మార్చుకొనే కుర్రవాళ్ళు కూడా ఇలాగే రెండింటికి ఒకటి, మూడింటికి ఒకటి అని బేరమాడేవారు. కాని అక్కడ ఇద్దరూ ఒకే వయసువారు, ఇద్దరికీ తెలిసినది అంతంతే. ఈ రోజు మోసపోయినవాడు రేపు సరిచేసుకొనేవాడు. నలభై ఏళ్ళవాడు ఎనిమిదేళ్ళవానితో ఆడితే అది ఆట కాదు. పెద్దవారు పసివారితో మార్చుకోదలిస్తే, తల్లిదండ్రుల ఎదుట, రెండు పిన్నుల విలువలూ చెప్పి మరీ మార్చుకోవాలి. అలా చెప్పడానికి ఇష్టం లేకపోతే ఆ మార్పిడి మానుకోవడమే మర్యాద.

నిర్వాహకులకు కూడా ఒక మాట. ఒకప్పుడు ఆకుపచ్చ మెడపట్టీలు ధరించిన ఉద్యోగులు పిల్లలతో మాత్రమే మార్పిడి చేసేవారు. ఎంతో మంచి పద్ధతి అది. 2020లో మహమ్మారి కారణంగా కొంతకాలం మెడపట్టీల స్థానాన్ని దుకాణాలలోని పలకలు ఆక్రమించాయి. పలకకు గుచ్చిన పిన్నులలో నచ్చినదానిని ఎంచుకోవడం సులువే. ఆనాటి పరిస్థితిలో అవసరమే. కాని పలక వంగి పిల్ల కళ్ళ ఎత్తుకు రాదు. "నీకు ఇదే ఎందుకు నచ్చింది?" అని అడగదు. కనుక పలకలు ఎన్ని పెట్టినా, మెడపట్టీ ధరించిన మనుషులను తగ్గించకుండుట మేలు.

త్వరలో ఆ వైపు ప్రయాణం పెట్టుకొన్న మిత్రులకు నా సలహా క్లుప్తంగా ఇది. గుత్తగా చౌకకు వచ్చే పొట్లాలు కొనకండి. దుకాణంలో నాలుగైదు కొంటే చాలు. బిడ్డ తరఫున మీరు అడగకండి. ఎంత ఆలస్యమైనా బిడ్డనే అడగనివ్వండి. పిన్ను చేతికి వచ్చాక దాని వెల ఎంతని వాకబు చేయకండి. పొరపాటున నకిలీ చేతికి చిక్కితే మీవద్దనే ఉంచుకోండి గాని, ముందుకు నెట్టకండి. మా ఇంటి పొట్లం ఇప్పటికీ మా అమ్మాయివాళ్ళ అటకమీదనే ఉన్నది.

ఈ విషయంలో భిన్నాభిప్రాయం కలవారు నిస్సంకోచంగా వ్రాయగలరు. సేకరణలో అనుభవమున్నవారు నాకు తెలియని సంగతులు తెలిపితే మరీ సంతోషిస్తాను.

స్వస్తి.