మీ మెరిట్ లిస్టు ఏ గోడకంటించారు?

ఇంటర్నెట్‌కి కులం లేదనేవాళ్లు మా స్టాఫ్ రూములోనూ ఉన్నారు. ఫోన్లో ఉద్యోగ ప్రకటన వస్తుందంట, మాలా మాదిగా అని చూడకుండా అందరికీ ఒకటే వస్తుందంట, టాలెంటున్నోడు కొట్టుకోవచ్చంట. "ఇంకా ఈ రిజర్వేషన్లెందుకు మేడమ్?" అని అడుగుతారు. నన్నే అడుగుతారు. ఆ గదిలో రోస్టర్ పాయింటు మీద వచ్చింది నేనని వాళ్లకి తెలుసు మరి.

వాళ్లకి తెలియనిదేందంటే, వాళ్లు పొగిడే ఆ ప్రకటనల్ని వాళ్లందరికన్నా ఎక్కువ చదివింది నేనే.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. అమ్మ పొగాకు గుచ్చడానికి పోయేది, నాయన బ్యారన్ల దగ్గర కట్టెలేసేవాడు. మా వంశంలో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. బీఈడీ అయ్యాక డీఎస్సీ ఎప్పుడేస్తారో తెలియక 2010లో హైదరాబాదు పోయి అమీర్‌పేటలో హాస్టల్లో దిగాను. గంటకి పదిహేను రూపాయలిచ్చి నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. రెజ్యూమె టైపు చేసిన కుర్రాడు తండ్రి పేరు, తండ్రి వృత్తి, సొంతూరు అన్నీ అడిగాడు. ఉద్యోగం చేసేది నేనైతే మా నాయన సంగతెందుకయ్యా అంటే, "ఫార్మాట్ అంతే అక్కా" అన్నాడు. నిజమే చెప్పాడు. ఈ దేశంలో ఫార్మాట్ ఎప్పుడూ అంతే. పోలయ్య, కూలి అని కొట్టాడు. ఇంక కులం గడి ఎందుకు?

ఆ ప్రకటనల భాష నాకిప్పటికీ నోటికొచ్చు. ప్లీజింగ్ పర్సనాలిటీ. మంచి కుటుంబ నేపథ్యం. కాన్వెంట్ చదువు. అనర్గళమైన ఇంగ్లీషు. ఫ్రంట్ ఆఫీసుకి ఆడపిల్ల కావాలి, చూడ్డానికి బాగుండాలి. పర్సనాలిటీ ఎవరికి ప్లీజింగ్‌గా ఉండాలి? ఎండలో పొగాకు తోటల్లో నల్లబడ్డ తల్లి కడుపున పుట్టిన నేను ఏ కళ్లకి ఇంపు? మంచి కుటుంబమంటే ఏది? పొద్దున్నే లేచి పదిమంది పొలాల్లో ఒళ్లు హూనం చేసుకునే కుటుంబం మంచిది కాదా? "మాల మాదిగలు దరఖాస్తు చేయనక్కర్లేదు" అని ఎవడూ రాయడు. రాస్తే కేసవుద్దని తెలుసు. అదే మాటని ఇంగ్లీషులో మర్యాదగా నాలుగు ముక్కలు చేసి రాస్తారు. ఆ ప్రకటనల పక్కనే గదుల ప్రకటనలు ఉండేవి. అక్కడ మాత్రం మొహమాటం లేదు, వెజిటేరియన్లకు మాత్రమే అని సూటిగా రాసేవాళ్లు.

నెలల తరబడి పంపితే మూడు పిలుపులొచ్చాయి. ఒక ఆఫీసులో పెద్దాయన రెజ్యూమె చూసి, "ఏ ఊరమ్మా?" అన్నాడు. చెప్పాను. "ఊళ్లో ఎక్కడ?" అన్నాడు. ఆ ప్రశ్న మనోళ్లందరికీ పరిచయమే. ఊళ్లో ఎక్కడంటే ఊరా, పల్లెనా అని. చివరికి ఆగలేక, "మీరేమిట్లు?" అన్నాడు. మాదిగోళ్లమండీ అన్నాను. ఆయన మొహం ఏమీ మారలేదు, నవ్వాడు గూడా. "కాల్ చేస్తాం" అన్నాడు. మా తాతకి హోటల్లో గ్లాసు విడిగా పెట్టినోడు కనీసం టీ పోశాడు.

ఇది నా ఒక్కదాని ఏడుపనుకునేవాళ్ల కోసం లెక్కలు గూడా ఉన్నాయి. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువూ అనుభవమూ సమానం, పేర్లే వేరు. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఫలితాలు వేశారు. సవర్ణ హిందూ పేరుకి పిలుపు అవకాశం ఒకటనుకుంటే దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33. మనిషిని చూడలేదు, నోరు విప్పనీయలేదు, ఒట్టి పేరుకే ఆ గతి. అదే సంచికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు కంపెనీల హెచ్.ఆర్. మేనేజర్లతో మాట్లాడి రాశారు. మాకు మెరిట్టే ముఖ్యమంటారు, ఆ నోటితోనే కుటుంబ నేపథ్యం అడుగుతామంటారు. అవి పత్రికల ప్రకటనల కాలం లెక్కలు గదా అంటారేమో. పేపరు పోయి ఫోనొచ్చింది, అవతల దరఖాస్తు చూసే మనిషి మారాడా? ఇప్పుడాయన చేతికి జల్లెడ గూడా ఇచ్చారు. ఫలానా కాలేజీలే చూపించు, మధ్యలో చదువాగినోళ్లని తీసెయ్ అని ఒక్క నొక్కు నొక్కితే చాలు. మధ్యలో చదువాపి కూలికి పోయేది ఎవరి పిల్లలు?

అసలు మంచి ఉద్యోగం ప్రకటన దాకా వస్తుందా అన్నది ఇంకో సంగతి. కంపెనీలో ఉన్నోడు తన బావమరిదినీ క్లాస్‌మేటునీ రిఫర్ చేస్తాడు. దానికి బోనస్ గూడా ఇస్తారు. మా పల్లె నుంచి రిఫర్ చెయ్యడానికి ఎవడున్నాడు? వాళ్లు తిన్నాక మిగిలింది ఫోన్లోకొస్తుంది. మిగలకపోతే మోసమొస్తుంది. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లోడు డిగ్రీ చేసి, విమానాశ్రయంలో ఉద్యోగమనే ప్రకటన చూసి రిజిస్ట్రేషనుకి 1,500, యూనిఫారానికి 3,000 కట్టాడు. వాళ్లమ్మ చెవికమ్మలు కుదువబెట్టిన డబ్బు. ఆ నంబరు మళ్లీ మోగలేదు. ఇంకొకడు బైకు అప్పుకి కొని పార్సిళ్లు మోస్తున్నాడు. ఆ ప్రకటనలో మాత్రం కుటుంబ నేపథ్యం అడగలేదు, సొంత బండి ఉందా అనే అడిగారు.

ఇప్పుడు నన్ను టీచర్ని చేసిన ప్రకటన సంగతి చెప్తాను. 2012 డీఎస్సీ. ఎన్ని పోస్టులో రాశారు, ఏ కులానికెన్నో రాశారు. రాతపరీక్షకి 80, టెట్ వెయిటేజీ 20. ఇంటర్వ్యూ లేదు, మా నాయన వృత్తి అడిగినోడు లేడు. ఎవరికెన్ని మార్కులొచ్చాయో జాబితా కట్టి జిల్లా విద్యాశాఖ ఆఫీసు గోడకంటించారు. మా అమ్మకి చదువు రాదు. నా పేరు ఎక్కడుందో చూపించమని, ఆ కాగితం మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది.

ఆ నోటిఫికేషన్ కోసం మా పిల్లలు ఎదురుచూడని రోజు లేదు. ఆంధ్రలో 2018 తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వేసి రద్దు చేశారు. 16,347 పోస్టులతో మళ్లీ వేసింది 2025 ఏప్రిల్లో. మధ్యలో ఏడేళ్లు. ఏడేళ్లలో ఒక పిల్లోడి వయసే దాటిపోద్ది. ఆ ఏడేళ్లూ వాళ్లని ఫోన్లో ప్రకటనల మీదకి తోలారు. అక్కడ ఆర్టికల్ 16 పనిచెయ్యదు, అది సర్కారు కొలువుకే. ప్రైవేటు రంగంలో రిజర్వేషనంటే మెరిట్ చచ్చిపోద్దని గోల.

సరే, మెరిట్ గురించే మాట్లాడదాం. నా మార్కులు గోడ మీద పెట్టారు, ఊరంతా చదువుకుంది. స్టాఫ్ రూములో ఇప్పటికీ చదువుతున్నారు. మీ కంపెనీలో నిన్న చేర్చుకున్నోడి మార్కులెన్ని? నా పిల్లోడివెన్ని? ఎవరిని ఎందుకు పిలిచారు, ఎవరిని ఎందుకు పిలవలేదు? ఆ జాబితా ఏ గోడకంటించారో చెప్పండి. చార్జీలిచ్చి మా పిల్లల్ని పంపుతాను, చూసుకొస్తారు.